ఎవరి తాళం వాళ్లే తీయాలి

హైటెక్ సిటీలో ఒక పద్నాలుగు అంతస్తుల అద్దాల భవనానికి రెండో సెల్లార్‌లో, కార్లు దిగే దారి పక్కన, కిటికీ లేని చిన్న గది ఒకటుంది. పదేళ్లకు పైగా నేను ఆ గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. పై అంతస్తుల్లో ఉన్న కంపెనీలకు మేము హెల్ప్‌డెస్క్. లైటు వెలగకపోయినా, నల్లా కారినా, ఏసీ చల్లగా లేకపోయినా, మరీ చల్లగా ఉన్నా ఫోను నాకే వస్తుంది. రాసుకుంటాను. ఆ పని చేసేవాళ్లకు చెబుతాను. అయిపోయాక మళ్లీ ఫోన్ చేసి, "ఇప్పుడు బాగుందా సార్?" అని అడుగుతాను. ఖాజాగూడ నుంచి పొద్దున ఏడున్నరకల్లా వచ్చేస్తాను. మా తాతల కాలం నుంచీ మాది ఖాజాగూడే.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఎవరో ఫోన్ చేసి ఏదో యంత్రం పేరు చెప్పేవాళ్లు. నేను దాన్ని విన్నట్టే రాసి, అలాగే అవతలివాళ్లకు చదివి వినిపించేదాన్ని. ఒకరోజు పెద్ద ఎలక్ట్రీషియన్ నా గది గుమ్మంలో నిలబడి, నేను ఫోన్లో మాట్లాడేది వింటూ నవ్వుకున్నాడు.

"ఏంది బిడ్డా, మంత్రం చదివినట్టు చదువుతున్నవ్? ఫోన్ల మాట్లాడేటోళ్లు గూడ మిషన్ మొకం చూడాలె. నడువు, చూపిస్త."

ఆ సాయంత్రం ఆయన వెనక నేను భవనమంతా తిరిగాను. నీళ్ల పంపులు, జనరేటర్లు, ప్రతి అంతస్తులో గాలిని తోసే పెద్ద ఫ్యాన్లుండే ఏసీ గది, అన్నింటికీ కరెంటు పంచే ప్యానెల్ రూమ్, అన్నీ చూపించాడు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని కాక అని పిలిచాను. చూస్తుండగానే సెల్లార్‌లో అందరికీ ఆయన కాక అయిపోయాడు.

కాక సిద్దిపేట వైపు నుంచి చిన్నతనంలోనే బాలానగర్ వచ్చి, మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని నేర్చుకున్నాడు. స్క్రూడ్రైవర్ కొనను తిరుగుతున్న మోటారు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. "బేరింగు ఏడుస్తున్నది. ఇంకో పది దినాలు ఆగుతది" అనేవాడు. నిజంగానే పది, పన్నెండు రోజులకు అది ఆగిపోయేది. పై అంతస్తుల వాళ్ల మీద ఆయనకు ఒక్కటే ఫిర్యాదు. "ఏసీ పద్దెనిమిది మీద పెట్టుకుంటరు, మల్ల స్వెటర్లు ఏస్కుంటరు. ఇర్వై నాలుగు మీద పెట్టుకుంటే వాళ్లకు స్వెటర్ల బాధ లేదు, నా మోటార్లకు బాధ లేదు."

ఆయన పోయింది మే నెలలో, ఒక మంగళవారం మధ్యాహ్నం.

ఏడో అంతస్తు ఏసీ గదిలో మోటారుకు వెళ్లే వైర్లు వేడెక్కి నల్లబడ్డాయి. వాటిని మార్చాలి. మోటారు పక్కనే దాన్ని ఆపుకునే స్విచ్చు ఒకటి ఉండాలి. అది పాడై నెలలు గడిచాయి. కొత్తది వస్తుందని చెబుతూనే ఉన్నారు. అందుకని కాక సెల్లార్‌లోని ప్యానెల్ రూమ్‌కు వెళ్లి, ఏడు, ఎనిమిది అంతస్తుల ఏసీలకు కరెంటు ఇచ్చే బ్రేకరును ఆపాడు. అది గోడంత ప్యానెల్‌లో ఉండే పెద్ద స్విచ్చు. పొద్దుటి షిఫ్టు టెక్నీషియన్‌కు నోటితో చెప్పాడు. రెండు కావస్తుండగా పనిముట్ల సంచి భుజాన వేసుకుని నా గది ముందు నుంచి వెళుతూ తల లోపలికి పెట్టాడు.

"ఏడుకు పోతున్న, బిడ్డా."

"సరే కాకా" అన్నాను. తల ఎత్తానో లేదో గుర్తు లేదు.

రెండు గంటలకు షిఫ్టు మారింది. పొద్దుటి అతను దిగిపోయాడు, ఇంకో టెక్నీషియన్ ఎక్కాడు. ఈయన పాలమూరు వైపు మనిషి, నలభై దాటినవాడు, కాకను సొంత అన్నలా చూసుకునేవాడు. షిఫ్టు మారే హడావుడిలో ఆ బ్రేకరు సంగతి ఒకరి నుంచి ఒకరికి చేరలేదు. అంతలో ఎనిమిదో అంతస్తు నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, అయిదు. ఆ ఎండల్లో ఏసీ ఆగితే అద్దాల భవనం పావుగంటలో పెనం అయిపోతుంది. నేను ప్యానెల్ రూమ్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, ఎనిమిదిల ఏసీ బందైందట. జర చూడు."

ఇంతే అన్నాను. కాక ఏడులో ఉన్నాడన్నది నాకు తెలుసు. ఏడుకూ ఎనిమిదికీ ఒకటే బ్రేకరన్నది కూడా తెలుసు, కాకే చూపించాడు. కానీ ఆ క్షణంలో నా తలలో ఆ రెండూ కలుసుకోలేదు. ఎనిమిది నుంచి వచ్చిన ఫిర్యాదును ఎనిమిదిదిగానే పంపించేశాను.

ఆ పాలమూరు అన్న చూశాడు. బ్రేకరు కిందికి దిగి ఉంది. ఎండకు లోడు ఎక్కువై దానంతట అదే పడిపోయిందనుకున్నాడు. పైకి లేపాడు.

కాసేపటికి ఏడో అంతస్తులో పనిచేసే హౌస్‌కీపింగ్ అక్క మెట్ల మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. లిఫ్టు కోసం ఆగలేదు. నా గది దగ్గరికి వచ్చి చేత్తో పైకి చూపించింది. మేం వెళ్లేసరికి కాక మోటారు పక్కన పడి ఉన్నాడు. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. దవాఖానలో డాక్టర్లు చాలాసేపు ప్రయత్నించారు. ఆయన లేవలేదు.

విచారణ జరిగింది. నన్ను కూడా పిలిచారు. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, నువ్వు ఎన్నింటికి చేశావు, ఇవే అడిగారు. కాక వెళ్లేటప్పుడు నీకు చెప్పాడా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చివరికి కాగితం మీద మనిషి పొరపాటు అని రాశారు. ఏ మనిషి అన్నది రాయలేదు కానీ, సెల్లార్‌లో అందరూ పాలమూరు అన్న వైపే చూశారు. ఆయన ఉద్యోగానికి రావడం మానేశాడు.

నేను మాత్రం రోజూ వెళ్లాను. ఫోన్ రెండుమూడు సార్లు మోగాక గానీ ఎత్తేదాన్ని కాదు. రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, అలాగే ఉండిపోయేదాన్ని. వారం రోజులు చూసి మా అమ్మ అడిగింది. మొత్తం చెప్పేశాను. అమ్మ ఓదారుస్తుందనుకున్నాను.

"ఆమెకు చెప్పినవా?" అంది.

"ఎవరికి?"

"ఆయన ఇంటామెకు. నీ కడుపుల పెట్టుకుంటే నీకు పుండైతది. ఆమెకేమో తన మనిషి ఎట్ల పోయిండో సగమే తెలుస్తది. పోయి చెప్పు. తిడితే పడు."

ఒక్కదాన్నే వెళ్లడానికి ధైర్యం చాలలేదు. పాలమూరు అన్నకు ఫోన్ చేశాను. కొండాపూర్‌లో కిరాయి గదిలో ఉన్నాడు. "నేను గూడ వస్తనమ్మా. ఎట్లైనా పోవాల్సిందే గద" అన్నాడు.

కాక దినాలు అయిపోయిన తర్వాతి ఆదివారం ఇద్దరం బాలానగర్ వెళ్లాం. సన్నటి గల్లీ, రెండు వైపులా రేకుల షెడ్లు. సెలవు కాబట్టి మిషన్లన్నీ మూగగా ఉన్నాయి. రెండు గదుల ఇల్లు. ఆమె గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కాక భార్య కాబట్టి నేను చిన్నమ్మా అన్నాను. లోపలికి రమ్మంది. నీళ్లిచ్చింది.

అన్న కింద కూర్చున్నాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "వదినా, బ్రేకరు ఎత్తింది నేనే" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

నేను నా సంగతి చెప్పాను. ఏడుకు పోతున్నానని కాక నాకు చెప్పి వెళ్లాడని, నేను ఆ మాట ఫోన్లో చెప్పి ఉంటే సరిపోయేదని.

చిన్నమ్మ తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. చాట పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, అంతకు ముందే అయిపోయి ఉంటాయి.

"మీరు చెప్పేది నాకు సమజ్ కాలే" అంది. "ఒకలు చెప్పుడు మర్చిపోతే మనిషి సచ్చిపోతడా? మర్చిపోకుంట ఎవలున్నరు ఈ లోకంల?"

ఆమె మా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నేను ప్రెస్సు మీద పని చేస్త, తెల్సా? ఇరవై ఏండ్లాయె. రేకు పెడితే పైకెళ్లి దిగి వాషర్లు కొడతది. దానికి రెండు బటన్లు. ఈ చేత్తోని ఒకటి, ఆ చేత్తోని ఒకటి, రెండు ఒక్కపారే ఒత్తితేనే దిగుతది. ఎందుకు? ఒక చెయ్యి లోపట మర్చిపోవద్దని. మొదలు గట్ల లేకుండె. ఒకామెకు మూడు వేళ్లు పోయినంక పెట్టిన్రు." ఆమె అన్న వైపు తిరిగింది. "మా రేకుల షెడ్డుల ఉన్నది, గంత పెద్ద అద్దాల బిల్డింగుల ఎందుకు లేదు?"

అన్న తల ఎత్తాడు. "ఉన్నది వదినా. బ్రేకరు పిడి కాడ చిన్న బొర్ర ఉంటది. దాంట్ల తాళమేస్తే ఎవ్వలు పైకి లేపలేరు. పని చేసేటోని జేబుల చెవి ఉంటది. కంపెనోడు పెట్టే పంపిస్తడు ఆ బొర్ర."

"మరి తాళం?"

"ఎవ్వలు ఎయ్యరు."

చిన్నమ్మ లేచింది. "నాకు చూపియ్యి" అంది.

ఆమెను ఆ భవనంలోకి తీసుకువెళ్లడం అంత తేలిక కాలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఎవరిని కలవాలని అడిగారు, ఏ పని మీద అని అడిగారు. నేను పైకి వచ్చి రిజిస్టర్‌లో నా పేరు రాశాను. పని అనే గడిలో ఏం రాయాలో తెలియలేదు. ‘చూడడానికి’ అని రాశాను. అన్న కూడా వచ్చాడు. అన్ని రోజుల తర్వాత అతను అక్కడ అడుగు పెట్టడం అదే మొదటిసారి. సెక్యూరిటీలో ఒకతను అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి పంపాడు.

మా భవనం నిర్వహణ చూసే ఇంజనీరు కాకినాడ వైపు ఆయన. మెత్తటి మనిషి, కానీ పై నుంచి ఏది వస్తే దానికి తలూపే అలవాటుండేది. చిన్నమ్మ వచ్చిందని తెలిసి గబగబా సెల్లార్‌లోకి దిగారు.

"అమ్మా, ఇక్కడ ఉక్కగా ఉంటుందండి. పైకి రండి, కాస్త టీ తాగుదురు గాని."

"టీ తర్వాత తాగుత సారూ. గా స్విచ్చు ఏది?"

అన్న చూపించాడు. ఆ రోజు దాని జోలికి ఎవరూ వెళ్లడం లేదు, మామూలుగా నడుస్తోంది. పక్కన ఖాళీగా ఉన్న అలాంటిదే ఒకటి తెరిచి, పిడి కింద చిన్న రంధ్రం చూపించాడు. చిన్నమ్మ వంగి, చిటికెన వేలు దానికి ఆనించింది. మెషీన్ల మీద ఇరవై ఏళ్లు పని చేసిన వేలు అది, గోరు పక్కన నల్లటి గీతలు.

"సారూ, ఒక్క మాట అడుగుత. ఈ బొర్రల ఆ దినం తాళం ఉంటే నా మనిషి ఇంటికొస్తుండెనా?"

ప్యానెల్ రూమ్‌లో అయిదారుగురం ఉన్నాం. ఇంజనీరు గారు నేల వైపు చూశారు, గోడ వైపు చూశారు. విచారణలో ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు. ఆ గదిలో మాత్రం తప్పించుకోలేదు.

"వచ్చేవాడేనమ్మా" అన్నారు.

చిన్నమ్మ లేచి నిలబడి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇంకో మనిషి అట్ల పోవద్దు" అంది. ఆ తర్వాత టీ తాగింది.

ఆ మర్నాడే ఇంజనీరు గారు కొండాపూర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపుకు తనే వెళ్లి ఎర్ర తాళాలు పట్టుకొచ్చారు. పై నుంచి అనుమతి రావడానికి టైమ్ పడుతుందని ఎవరో అంటే, "తాళం వేసుకోవడానికి అనుమతేవిటండీ?" అన్నారట. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే మేమెవ్వరం మొదట నమ్మలేదు. ఏడో అంతస్తు మోటారు పక్కన కొత్త స్విచ్చు కూడా ఆ వారంలోనే బిగించారు. పాలమూరు అన్నను మళ్లీ పనిలోకి పిలిచారు. ఈ తాళాల పని చూసేది నువ్వేనన్నారు. అతను వారం ఆలోచించి వచ్చాడు.

పద్ధతి చాలా సులువు. పనికి వెళ్లే ప్రతి మనిషికీ ఒక తాళం, దానికి ఒకే చెవి. చెవి అతని జేబులోనే ఉంటుంది. బ్రేకరు ఆపి తన తాళం వేసి, పేరు రాసిన బిళ్ల తగిలించి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే పైకి వెళ్లాలి. ముగ్గురు పని చేస్తుంటే మూడు తాళాలు పడతాయి. ఎవరి తాళం వాళ్లే తీయాలి. వేరే ఎవరూ, ఇంజనీరు గారైనా సరే, ముట్టుకోకూడదు. నా గదిలో గోడకు ఒక బోర్డు పెట్టుకున్నాను. ఏ అంతస్తులో ఎవరున్నారో అందులో రాస్తాను. ఫోన్ వస్తే ముందు బోర్డు చూసి, ఆ తర్వాతే మాట్లాడతాను.

చెప్పుకోవడానికి సులువే గాని, మొదటి మూడు నెలలు అందరికీ విసుగే. "బల్బు మార్చెటందుకు గూడ తాళమా?" అని గొణిగేవాళ్లు. ఒకాయన పని ముగించి, తాళం తీయడం మరిచిపోయి, చెవి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఇల్లు సంగారెడ్డి దగ్గర. ఆయన్ని బండి మీద వెనక్కి తెచ్చేదాకా అయిదో అంతస్తు వాళ్లు ఉడికిపోయారు. కట్టర్‌తో కోసేద్దామని ఎవరో అంటే, పాలమూరు అన్న ప్యానెల్ ముందు నిలబడ్డాడు. "ఆయన ఇంట్ల ఉన్నడని ఫోన్ల చెప్పిండు. నేను కండ్లతో చూడలే. చూసినంకనే" అన్నాడు. ఆయన వచ్చాడు. చెమటలు కక్కుతూ, అందరి చేతా తిట్లు తింటూ తాళం తీశాడు. అప్పటి నుంచి తాళం చెవులకు పొడుగాటి పసుపు తాళ్లు కట్టుకున్నారు, మెడలో వేసుకోవడానికి.

నాకు అసలు పరీక్ష ఆ తర్వాత ఏడాది ఎండల్లో ఎదురైంది. ఎనిమిదో అంతస్తు కంపెనీకి విదేశాల నుంచి పెద్దవాళ్లు వచ్చారు. అదే సమయానికి ఏడో అంతస్తు ఏసీ గదిలో అర్జెంటు పని పడింది. కొత్త స్విచ్చుకు వచ్చే వైర్లు కూడా మార్చాల్సి రావడంతో బ్రేకరు ఆపక తప్పలేదు. ఎనిమిదో అంతస్తు అడ్మిన్ మేనేజరు ఫోన్ చేశారు.

"అయిదు నిమిషాల్లో ఏసీ రావాలి."

బోర్డు చూశాను. "సారీ సార్. ఏడులో మనిషి ఉన్నాడు. తాళం వేసి ఉంది."

"తాళమేంటి? తీయించండి."

"తీయలేం సార్."

"మీ పేరేంటి?"

చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేసి నేరుగా సెల్లార్‌లోకి దిగొచ్చారు. కోటు వేసుకుని ఉన్నారు, ముఖం ఎర్రబడి ఉంది. ప్యానెల్ రూమ్‌లో బ్రేకరుకు రెండు ఎర్ర తాళాలు వేలాడుతున్నాయి. పక్కన పాలమూరు అన్న నిలబడి ఉన్నాడు.

"ఇవి ఎవరివి?"

"ఒకటి ఏడుల పని చేసేటాయనది, ఇంకోటి ఆయనతోటి ఉన్నాయనది సార్. చెవులు వాళ్ల మెడలున్నయ్. వాళ్లు దిగొస్తెనే తీస్తం." అన్న కోపంగా అనలేదు. చాలా మర్యాదగా చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "సార్, నిరుడు తాళం లేకుండె. గప్పుడు నేనే ఎత్తిన. గా ఏడుల ఏసీ రూములనే మా అన్న పోయిండు."

మేనేజరు లిఫ్టు వైపు నడిచారు. పైవాళ్లకు ఫిర్యాదు చేస్తారనుకున్నాను. ఆయన ఏడో అంతస్తులో దిగారట. అక్కడ పని చేస్తున్న ఎలక్ట్రీషియన్ తర్వాత నాకు చెప్పాడు. అతను ఫ్యాను డబ్బాలోకి నడుము దాకా దూరి, రెండు చేతులూ వైర్ల మధ్య పెట్టి ఉన్నాడు. తలుపు దగ్గర బూట్లు కనిపించాయట. చాలాసేపు అలాగే ఉండి వెళ్లిపోయాయట.

పావుగంట తర్వాత నాకు మళ్లీ ఫోన్ వచ్చింది. అదే గొంతు.

"అతన్ని తొందరపడొద్దని చెప్పండి. మేం మీటింగు పదకొండో అంతస్తుకు మార్చుకుంటున్నాం."

ఫోన్ పెట్టేశాక నేను గది తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. ఆ ఏడుపు వేరు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మ చేసిన పచ్చిపులుసుతో రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.

కాక పోయిన రోజున ఏటా మేం కలుస్తాం. మొదటి ఏడాది ఇంజనీరు గారు ప్యానెల్ రూమ్ గోడకు కాక ఫోటో పెట్టించారు. మధ్యాహ్నం రెండింటికి, ఒక షిఫ్టు దిగి ఇంకోటి ఎక్కే వేళకు, రెండు షిఫ్టుల వాళ్లూ చేరారు. చిన్నమ్మను పిలిచాం. దండ వేశాం. రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఇంజనీరు గారు ఏదో ఉపన్యాసం రాసుకొచ్చారు గానీ, కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

"ఈ సంవత్సరంలో ఎవరికైనా కొంచెంలో ప్రమాదం తప్పిందా? చెప్పండి. ఎవర్నీ ఏమీ అనం" అన్నారు.

చెబితే తప్పు తమ మీదికి వస్తుందని అందరికీ భయం. అప్పుడు చిన్నమ్మ మాట్లాడింది.

"నేను చెప్త" అంది. "మా ఇంటికొచ్చినోళ్లతోని నేను రెండు బటన్ల సంగతి గొప్పగ చెప్పిన. నిజం చెప్పాల్నంటే, గప్పుడు నా మిషనుకు ఒక బటన్ ఎప్పటికి కిందికే ఉంటుండె. గుడ్డ పట్టితోని ఒత్తి కట్టేస్తుంటి. రెండు చేతులైతే పని నిదానమైతది గద. ఒక చేత్తోని రేకు పెట్టుడు, ఒక చేత్తోని ఒత్తుడు. అందరం గట్లనే చేస్తుంటిమి. ఆయన పోయి, మీరొచ్చి పోయినంక, తెల్లారి పనికి పోయి పట్టి ఇప్పేసిన. పది దినాలకు నా చెయ్యి లోపట ఉండంగనే ఇంకో చెయ్యి బటన్ మీద పడ్డది. అలవాటు గద. మిషను దిగలే."

ఆమె తన రెండు చేతులూ ముందుకు చాపి మాకు చూపించింది. పది వేళ్లూ ఉన్నాయి.

ఆ తర్వాత పాలమూరు అన్న చెప్పాడు. ఒకరోజు టెస్టర్ పాడైందని చూసుకోకుండా వైరు పట్టుకోబోయాడట. హౌస్‌కీపింగ్ అక్క తడి చేత్తో ప్లగ్గు పీకిన సంగతి చెప్పింది. నా వంతు వచ్చింది. కాక నాకు చెప్పి వెళ్లిన సంగతి అందరి ముందూ చెప్పాను. అప్పటికి ఏడాదిగా అన్నకూ చిన్నమ్మకూ తప్ప అక్కడెవరికీ తెలియదు. ఎవరూ నా వైపు అదోలా చూడలేదు. పక్కనున్నామె నీళ్ల సీసా అందించింది.

అప్పటి నుంచి ఆ రోజు మేం చేసేది ఇదే. ఉపన్యాసాలుండవు. ఎవరికి ఏది కొంచెంలో తప్పిందో చెప్పుకుంటాం. విన్నవాటిలో బాగు చేయదగినవి ఇంజనీరు గారు రాసుకుంటారు. నెల తిరిగేలోపు చేయించి, చేశామని మాకు చూపిస్తారు. కదిలే నిచ్చెనలు పోయాయి. పైన అద్దాలు తుడిచేవాళ్ల తాడు గోడ అంచుకు ఒరుసుకోకుండా మందపాటి తొడుగు వచ్చింది. చిన్నచిన్నవే. కానీ కాక తర్వాత మా భవనం నుంచి ఎవరూ అంబులెన్స్‌లో వెళ్లలేదు.

ఇంజనీరు గారు రెండేళ్ల కింద ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇంకో భవనానికి మారారు. వెళ్లిన వారంలోనే అక్కడ తాళాలు తెప్పించారు. ఇక్కడ మాత్రం ఆ రోజుకు తప్పకుండా వస్తారు.

ఈ ఏడాది జనం ఎక్కువై ప్యానెల్ రూమ్‌లో పట్టలేదు. కార్లు పెట్టే చోట కొంత ఖాళీ చేయించి, ఫోటో అక్కడికి తెచ్చుకున్నాం. అద్దాలు తుడిచే అతను ఒకడు, తొడుగు లేని తాడు మీద దిగనని తాను మొండికేసిన సంగతి, సూపర్‌వైజరు విన్న సంగతి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు గారి వంతు వచ్చింది. ఆయన కొంచెం సిగ్గుపడ్డారు.

"ఆఫీసులో ఏం లేదండి. ఇంట్లోనే. గడియారంలో సెల్లు మార్చుదామని చక్రాల కుర్చీ ఎక్కాను. అది జారిపోయింది. నేను సోఫాలో పడ్డాను కాబట్టి సరిపోయింది. మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు."

"ఊరందరికి చెప్తవ్, నువ్వు చక్రాల కుర్చీ ఎక్కుతవా సారూ?" అని చిన్నమ్మ నవ్వింది. పెద్దగా, కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ సెల్లార్ అంతా నవ్వింది.

రెండున్నరకు ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. చిన్నమ్మను మెట్రో స్టేషను దాకా దింపడానికి నేను వెంట వెళ్లాను. ఈసారి ఆమె తన షాపులో పని చేసే ఇద్దరు ఆడవాళ్లను కూడా తీసుకొచ్చింది. వాళ్లు మా తాళాలను చేతుల్లోకి తీసుకుని బరువు చూసుకున్నారు. దారిలో ముగ్గురూ ఏదో గుసగుసలాడుకుంటూ నడిచారు. మెట్ల దగ్గర చిన్నమ్మ ఆగింది.

"బిడ్డా, మా సేటును అడిగిన. మా షాపుల గూడ గిట్ల ఒక దినం కూసుందమన్న. మొదలు గునిసిండు. మల్ల సరేనన్నడు. మూడు వేళ్లు పోయినామెను గూడ పిలుస్తున్నం. ఆమె గీ మధ్యల కూరగాయలు అమ్ముతున్నది."

"నేను రావచ్చా?" అని అడిగాను.

"రావాలె. మీరందరు పట్టరు గని, ఓ పదిమంది పడతరు. మిషన్లు బంద్ వెట్టి కూసునెటందుకు గడంచెలు ఏస్తం" అంది. అని, కుడి చేత్తో ఒకామెను, ఎడమ చేత్తో ఇంకొకామెను పట్టుకుని మెట్లెక్కింది.